మొగలి గట్టు మీద ఎస్తేరమ్మ గారు

మొన్న పనుండి బందరు వెళ్ళి, కోనేరు సెంటరులో ఆటో కోసం నిలబడ్డాను. అప్పుడే వాన వెలిసింది. పక్కన ఒకావిడ గంపలో మొగలి రేకులు పెట్టుకుని అమ్ముతోంది. గాలి ఇటు తిరగగానే ఆ వాసన గుప్పున ముక్కుకి తగిలింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు గంప వైపు తిరిగితే, నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను. తడిసిన తారు రోడ్డు, నలిగిన టికెట్టు ముక్క, నా చెప్పులు. అంతకుమించి ఏమీ లేవు. అయినా అక్కడి నుంచి అడుగు తీయడానికి కాస్త సమయం పట్టింది. మొగలి పొదలో పాము ఉంటుందని ఈ వైపు పుట్టిన ప్రతి పిల్లకీ చెప్పే పెంచుతారు గాని, ఆ వాసనకి కళ్ళు తమంతట తామే నేల మీదికి దిగడం మాత్రం నాకు ఎస్తేరమ్మ గారి దగ్గర అబ్బిన అలవాటు. ఆవిడ పోయి మూడేళ్ళవుతోంది. ఆవిడ గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను. రాయాలంటే నా భయం గురించి కూడా రాయాలి, అందుకని ఇన్నాళ్ళూ వాయిదా వేశాను.

నేను గుడివాడ పిల్లని. మా నాన్నకి బస్టాండు వెనక సైకిలు షాపు ఉండేది. పెళ్ళికి ముందు నేను పామంటూ చూసింది వీధిలోకి వచ్చిన పాములవాడి బుట్టలోనే. అలాంటిదాన్ని దివిసీమలో, పంట కాలవ ఆఖరున, సముద్రపు హోరు వినపడే ఊరికి ఇచ్చారు. ఒక పక్క వరి, ఇంకో పక్క రొయ్యల చెరువులు, వాటి అవతల మురుగు కాలవ, ఆపైన మడ అడవి. కాపురానికి వచ్చిన రోజునే మా అత్తగారు నాకు రెండు సంగతులు నేర్పారు. ఒకటి, చెప్పులు దులపకుండా కాలు పెట్టకూడదు. రెండోది, దీపాలు పెట్టాక పాము అనే మాట నోట రాకూడదు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందట. పురుగు అనాలి. కరిచింది అనకూడదు, ముట్టుకుంది అనాలి. ఏ పుట్టలో ఏ పాముందో అని మాత్రం ఆవిడ రోజుకి పదిసార్లు అనేవారు. సామెతలకి మినహాయింపు కాబోలు అనుకునేదాన్ని.

మా పొలాన్ని ఆనుకుని ఎస్తేరమ్మ గారి నాలుగెకరాలు ఉండేవి. ఆవిడ బందరులో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి పోయాక ఆ పొలాన్ని ఎవరో లీజుకి తీసుకుని రొయ్యల చెరువు చేశారు. నాలుగు కాపులు తీసుకున్నాక రోగం తగిలి రొయ్యలు పోయాయి, వెనకాలే లీజుదారూ ఊరొదిలి పోయాడు. నేను మొదటిసారి చూసినప్పుడు అది నేలలా లేదు. తెల్లగా పొక్కులు లేచిన ఉప్పు, చుట్టూ గట్ల మీద సర్కారు తుమ్మ, ఒక మూల చెరువుకి పరిచిన నల్ల ప్లాస్టిక్ పట్టా చినిగి పడి ఉంది. కాకి కూడా వాలేది కాదు. ఎవరికైనా మళ్ళీ లీజుకిస్తారనో అమ్మేస్తారనో అందరూ అనుకున్నారు. ఆవిడ మాత్రం సామాను సర్దుకుని వచ్చి, ఆ గట్టు పక్కనే ఒక గది కట్టించుకున్నారు. మురుగు కాలవ వైపు గట్టుకి గండి కొట్టించారు, పోటు నీళ్ళు వచ్చి వెళ్ళడానికి. మా వరి వైపు గట్టుని మాత్రం ఎత్తు చేయించారు, ఉప్పు నీళ్ళు మాకు రాకుండా. తుమ్మ కంప అంతా వేళ్ళతో సహా పీకించారు. ఆ నేల మీద పూర్వం ఏమేం ఉండేవో వాటినే మళ్ళీ రానిస్తానన్నారు. పల్లంలో మడ, గట్టు మీద మొగలి, కానుగ, ఈత, వావిలి. జమ్ము దానంతట అదే వస్తుంది, దాన్నెవరూ ముట్టుకోవద్దన్నారు. ఊరు నవ్వింది. రిటైరైతే గుడో చర్చో కట్టించేవాళ్ళని చూశాం గాని, కంప పెంచేవాళ్ళని ఈవిడనే చూశామని బాబాయి గారు, అంటే మా మామగారి తమ్ముడు, రచ్చబండ దగ్గర అన్నారట. ఆ పొలానికి నర్సమ్మ అడివి అని పేరు పెట్టింది కూడా ఆయనే.

మడ విత్తులు సంచుల్లో పెట్టడానికి ఆడమనుషులు కావాలంటే నేను వెళ్ళాను. నిజం చెప్పాలంటే చెట్ల మీద ప్రేమతో కాదు, ఇంట్లో అత్తగారి గొంతు కాసేపు వినకుండా ఉంటుందని. పెద్ద చిక్కుడు గింజల్లా ఉండే విత్తుల్ని బురద సంచుల్లో ఒక్కొక్కటే గుచ్చుతుంటే, ఎస్తేరమ్మ గారు గట్టు మీద వస్తూ కనపడ్డారు. నేత చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, కింద గమ్‌బూట్లు, చేతిలో వెదురు కర్ర. అడుగుకోసారి కర్రతో నేలని దబదబా కొడుతున్నారు. దేవుడి బిడ్డ, ఏ భయమూ లేని మనిషి అనుకున్నాను. దగ్గరికొచ్చాక చూస్తే ముఖమంతా చెమట, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మంచినీళ్ళు ఇస్తే తాగి, నాకు పామంటే చచ్చేంత భయమమ్మా అన్నారు. వార్డులో ఎన్ని కాట్లు చూసినా ఆ భయం పోలేదట, చూసినకొద్దీ పెరిగిందట.

మరైతే ఇదంతా ఎందుకండీ అని అడిగాను. ఆవిడ ఉప్పు పట్టిన నేల వైపు చూశారు.

"భయమని, పనికిరావని, ఒక్కొక్కటే తీసేశాం కదమ్మా ఈ నేల మీంచి. ఏం మిగిలింది? ఉప్పు."

నాకు అప్పుడది అంత గొప్ప జవాబుగా అనిపించలేదు. భయమున్న మనిషి భయమున్న చోటికి పోకూడదు, అంతే కదా అనుకున్నాను. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. చెయ్యి పెట్టేముందు కన్ను పెట్టు అని ఆవిడ చెప్పీ చెప్పీ, నేను ఇంట్లో బియ్యం డబ్బాలో కూడా చూసిగాని చెయ్యి పెట్టని దాన్నయ్యాను. మా ఆయన రాంబాబు నన్ను ఏడిపించేవాడు, డబ్బాలో ఉన్నది బియ్యమే, భయపడకు అని.

పురుగు అనే మాటని మాత్రం ఆవిడ అస్సలు ఒప్పుకునేవారు కాదు. ఒకరోజు నేను అలవాటు కొద్దీ, జమ్ములో పురుగు కనపడిందండీ అన్నాను. ఆవిడ పని ఆపేసి కూర్చోబెట్టారు. ఉద్యోగం కొత్తలో ఆవిడ ఒక చిన్న నర్సింగ్ హోములో చేసేటప్పుడు ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చి, పురుగు ముట్టుకుందని చెప్పారట. డ్యూటీలో ఉన్న కొత్త డాక్టరుది మన వైపు కాదు. పురుగంటే పురుగే అనుకుని, దద్దురుకి రాసే పూత మందు రాసిచ్చి పంపేశాడట. తీసుకొచ్చినవాళ్ళు కూడా పాము అని నోరు విప్పలేదు, చెప్పాం కదా అనుకున్నారు. సాయంత్రానికి ఆ కుర్రాణ్ణి మళ్ళీ తెచ్చారు. అంతవరకే చెప్పి ఆవిడ లేచి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఏమైందో నేను అడగలేదు. ఆవిడ కర్ర పట్టుకున్న తీరు చూస్తేనే తెలిసింది.

రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ నేల మారిపోయింది. ఉప్పు పొక్కుల మధ్య ఎర్రగా ఇలకూర మొక్కలు పరుచుకున్నాయి. మడ మొక్కలు మోకాలెత్తు వచ్చాయి. బురదలో ఎండ్రకాయలు, వాటి కోసం కొంగలు, మొగలి పొదల్లో జెముడు కాకి, గట్టు మీద ముంగిస. ఒక ఉదయం బురదలో పిల్లి అడుగుల్లాంటివే, ఇంకా పెద్దవి కనపడితే ఎస్తేరమ్మ గారు వంగి చూసి, బావురు పిల్లి, చేపల కోసం వచ్చింది అని సంబరపడిపోయారు. నాకు మాత్రం ఒక్కొక్కటీ వచ్చినకొద్దీ భయం పెరిగేది. ఇవన్నీ వచ్చాయంటే అదీ వస్తుంది. అప్పటికి నాకు అయిదో నెల. మా అత్తగారు నాగుల చవితికి పుట్టలో పాలు పోసి వస్తూ, ఈవిడ గది ముందు ఆగి, ఆ కంప కొట్టించెయ్యరాదా అండీ, పురుగూ పుట్రా చేరతాయి అన్నారు. మీరు ఏడాదికి ఒక రోజు పాలు పోస్తారు, నేను ఏడాదంతా చోటిస్తున్నాను, ఎవరి భక్తి గొప్పదండీ అని ఎస్తేరమ్మ గారు నవ్వారు. మా అత్తగారు నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను.

ఆ వారంలోనే జరిగింది. తెల్లారగట్ల రాంబాబు మా పొలంలో నీటి బోదెకి పడిన గండి పూడ్చడానికి వెళ్ళాడు. మా గట్టు మీద గడ్డిపరక ఉండదు, అత్తగారు మందు కొట్టించి నున్నగా ఉంచుతారు. గండికి అడ్డం పెట్టిన పాత మట్టి బస్తా ఎత్తబోయి దాని కిందికి చెయ్యి పోనిచ్చాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. కుడి చేతి మణికట్టు ఎడమ చేత్తో పట్టుకుని, నింపాదిగా నడుచుకుంటూ పెరట్లోకి వచ్చాడు. పురుగు ముట్టుకుంది అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాట ఎంత నెమ్మదిగా అన్నాడంటే నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఆ చెయ్యి చూశాను.

అత్తగారు పరుగున వచ్చి కొంగు చింపి, పైన మోచేతి దగ్గర బిగించి కట్టారు. పక్కింటివాళ్ళు అంబులెన్సుకి ఫోను కలిపి ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ ఏడుస్తూనే, మా అబ్బాయికి పురుగు ముట్టుకుందండీ అన్నారు. అవతల మనిషి ఏ పురుగమ్మా, తేలా జెర్రా అని అడుగుతున్నాడు. ఆవిడ పురుగండీ పురుగు అనే అంటున్నారు. కొడుకు ప్రాణం పోతున్నా ఆ మాట నోట రావడం లేదు ఆవిడకి. ఫోను నాకిచ్చారు. నేను చెబుతాననుకున్నాను. నా నాలుక కూడా లేవలేదు. పేరు పెడితే అది నిజమైపోతుందని, అప్పటిదాకా ఇంకా నిజం కాలేదని, అలాంటిదేదో పట్టుకుంది నన్ను. అరుపులు విని ఎస్తేరమ్మ గారు గమ్‌బూట్లతోనే వచ్చారు. నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు.

"పాము కరిచింది. చెయ్యి వాస్తోంది. పాము కాటు మందున్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వెంటనే రండి."

ఫోను పెట్టేసి, అత్తగారు కట్టిన కట్టు మెల్లగా వదులు చేశారు, వేలి ఉంగరం సబ్బు నీళ్ళతో లాగేశారు, చెయ్యి కదలకుండా రెండు తాటి బద్దల మధ్య చుట్టారు. ఒక్క అడుగు వేశావంటే ఊరుకోను అని రాంబాబుని కోప్పడ్డారు. 

ఆసుపత్రిలో ఒక చిన్న గాజు గొట్టంలో అతని రక్తం తీసి స్టాండులో నిలబెట్టారు. అది గడ్డకడితే మంచిది, కట్టకపోతే విషం రక్తంలోకి దిగినట్టు. వరండాలో బల్ల మీద కూర్చుని నేనూ ఎస్తేరమ్మ గారూ ఆ గొట్టాన్ని చూస్తూ ఉన్నాం. కడుపులో పిల్ల ఒకటే తన్నుతోంది. కాసేపయ్యాక నర్సు వచ్చి గొట్టాన్ని వంచింది. రక్తం నీళ్ళలా పక్కకి జారింది. మందు ఎక్కించడం మొదలుపెట్టారు. బతుకుతాడాండీ అని అడిగాను. అక్కడున్న చుట్టాలందరూ ఏం కాదమ్మా, ఏం కాదు అని ఒకటే పాట. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, నాకూ భయంగానే ఉందమ్మా, మందు పడింది, చూద్దాం అన్నారు. ఆ రోజు నాతో నిజం మాట్లాడిన మనిషి ఆవిడొక్కరే. అందుకే ఆవిడ పక్కనే కూర్చోగలిగాను. కొన్ని గంటలకోసారి మళ్ళీ రక్తం తీసి చూస్తూ వచ్చారు, మూడోసారి గొట్టం వంచినప్పుడు రక్తం కదల్లేదు. ఎస్తేరమ్మ గారు లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

రాంబాబు ఇంటికొచ్చాడు. రెండు వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా వంగవు. అతను మంచం మీద ఉండగానే బాబాయి గారు పొక్లెయిను మాట్లాడి నర్సమ్మ అడివి ముందు పెట్టించారు. ఊళ్ళో సగం మంది చేరారు. ఆ కంప లేకపోతే మా వాడికి ఈ గతి పట్టేదా అని ఆయన అడుగుతున్నారు. ఎస్తేరమ్మ గారు గట్టు మీద కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ నెమ్మదిగా, కాటు తిన్నది ఈ పిల్ల మొగుడు, ఈ పిల్ల ఎత్తెయ్యమంటే ఎత్తేస్తాను, ఇంకెవరి మాటా వినను అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. నువ్వు ఊఁ అను చాలు అన్నారు బాబాయి గారు.

ఊఁ అనడానికే వచ్చాను నేను. రాత్రంతా అదే అనుకున్నాను, తెల్లారగానే అదంతా నేలమట్టం కావాలని. ఐనా అడగాలనిపించింది.

"మీ పొదలోంచే వచ్చిందాండీ అది?"

మా వరిలో ఎలకల కోసమే అది వచ్చిందని చెబుతారనుకున్నాను. పాముల్ని తినే ముంగిస గురించి, జెముడు కాకి గురించి, మా నున్నటి గట్టు గురించి చెబుతారనుకున్నాను. చెప్పుకోవడానికి ఆవిడకి చాలా ఉంది.

"రాలేదని చెప్పలేనమ్మా. వచ్చిందనీ చెప్పలేను. నాకు తెలియదు."

పొక్లెయిను డ్రైవరు ఇంజను వేశాడు. ఆ చప్పుడుకి జమ్ములోంచి నీటికోళ్ళు లేచాయి, మొగలి పొద అడుగున ఏదో సర్రుమని కదిలింది. అందరం వెనక్కి ఒక అడుగు వేశాం. అప్పుడు తట్టింది నాకు. ఆ ఇనప చెయ్యి దిగితే అందులో ఉన్నవన్నీ ఎక్కడికి పోతాయి? మా గడ్డివాముల్లోకి, మా వంటిళ్ళలోకి, రేపు నేను ఉయ్యాల కట్టబోయే గదిలోకి. బాబాయి గారూ, ఎత్తేస్తే అవన్నీ ఎటు పోతాయండీ అని అడిగాను. ఆ పొలానికి అందరికంటే దగ్గరున్న ఇల్లు ఆయనదే. మీసం సవరించుకుని, ముందు వాడికి నయం కానీ, తర్వాత చూద్దాం అంటూ డ్రైవరుకి చెయ్యి ఊపారు. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఆ మాటెత్తలేదు. నేను ధైర్యంతో ఆ అడివిని కాపాడానని ఈమధ్య ఊళ్ళో ఎవరైనా అంటే నవ్వొస్తుంది. నేను భయంతోనే ఆపాను. నాకున్నది అదొక్కటే.

జనం వెళ్ళిపోయాక ఎస్తేరమ్మ గారు గట్టు మీద కూలబడ్డారు. నువ్వు ఎత్తెయ్యమంటావనే అనుకున్నానమ్మా అన్నారు. నేనూ అలాగే అనుకున్నానండీ అన్నాను. ఇద్దరం అక్కడే కూర్చుని ఏడ్చాం, తర్వాత లేచి ఆవిడ కర్రతో ముందు, నేను వెనక, ఇళ్ళకి నడిచాం.

ఆవిడ ఇంకో ఆరేళ్ళు ఉన్నారు. ఆఖర్న గుండె జబ్బు చేసింది. ఉయ్యూరులో ఉన్న మేనల్లుడికి పొలం రాస్తూ, దాని బాగోగులు నాకు వదలమని చెప్పి పోయారట. అతను మాట నిలబెట్టుకున్నాడు. మడ ఇప్పుడు నా తల దాటింది. ఎప్పుడైనా సముద్రం పొంగి గాలివాన వస్తే ముందు ఆ చెట్లే తట్టుకోవాలని ఊళ్ళో వాళ్ళే అంటున్నారు. రాంబాబు పొద్దున్నే ఆ గట్టు మీదుగానే పొలానికి వెళ్తాడు. తిరిగొచ్చేదాకా నేను వాకిట్లోనే ఏదో ఒక పని కల్పించుకుంటాను.

మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. పుట్టినప్పటి నుంచి దాన్ని ఆ గట్టు ఎక్కనివ్వలేదు. మొన్న బందరు నుంచి వచ్చిన సాయంత్రం కంచె దగ్గర నిలబడి, లోపల పాములున్నాయా అమ్మా అని అడిగింది. లేవులే తల్లీ అని అత్తగారు వెనక నుంచి అంటున్నారు. ఉన్నాయి అన్నాను. నీకు భయం లేదా అంది. ఉంది, రోజూ ఉంటుంది అన్నాను. నేనూ వస్తాను అంది. వద్దు అనడానికి నా దగ్గర లేని కారణం లేదు. కాని ఏ కారణం చెప్పినా, అది రేపు నేను లేనప్పుడు ఒక్కతే వెళ్తుంది, దాని కళ్ళలో కనపడుతూనే ఉంది. దానికి బూట్లు తొడిగి, నేను అడుగు తీసిన చోటే అడుగు వెయ్యమని చెప్పి ముందు నడిచాను. పొదలు దగ్గరయ్యాయి. అది వెనకాల వస్తోందో లేదో చూడాలని మెడ లాగేస్తోంది. తిరిగి చూస్తే నేల మీంచి కన్ను తియ్యాలి. తిరగలేదు. నోటికొచ్చింది ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండమని దానితో చెప్పాను.